అడగని కస్టమర్లకు కూడా చెప్పాలా?

ఈ వారం ఉత్తరం యాదాద్రి భువనగిరి జిల్లా నుంచి వచ్చింది. పేరు, ఊరు వద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరం కాబట్టి కుదించి చెబుతున్నాను.

ఆమెది నేత కుటుంబం. పుట్టింట్లో చిన్నాన్నకు ఇప్పటికీ రెండు మగ్గాలున్నాయి. లాక్‌డౌన్‌లో నేసిన చీరలు ఇంట్లోనే పేరుకుపోతుంటే ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టారు. హైదరాబాద్, బెంగళూరు, అమెరికాలోని తెలుగువాళ్ళు కొన్నారు, తమ అక్కచెల్లెళ్ళకూ చెప్పారు. తర్వాత ఇన్‌స్టాలో పేజీ తెరిచి, పైన ‘మా మగ్గాల మీద నేసిన పోచంపల్లి ఇక్కత్’ అని రాసుకున్నారు. ఇప్పటిదాకా కొన్నవాళ్ళ నంబర్లు ఆరు వందల దాకా ఉన్నాయట. రెండు మగ్గాల సరుకు ఆర్డర్లకు చాలక ఒక డీలరును పట్టుకున్నారు. అతను ఫొటోలు పంపుతాడు, ఈమె పేజీలో పెడతారు, ఆర్డరు వస్తే పార్సిల్ అతని దగ్గర్నుంచే నేరుగా వెళ్ళిపోతుంది.

మొన్న దసరాకు అలా 26 పట్టుచీరలు వెళ్ళాయి. ఒక్కోటి 7,800 రూపాయలు. డీలరుకు కట్టింది 5,500. పండగ అయిన వారానికి బెంగళూరు కస్టమరు ఒకావిడ చీర తిరగేసి ఫొటో పంపారు. ముందు ముదురు ఎరుపు, వెనక వెలిసిపోయిన రంగు. ఇక్కత్ డిజైను అద్దిన ప్రింటు చీర అది. ఆమెకు డబ్బు వాపసు ఇచ్చేశారు. డీలరును నిలదీస్తే ‘ఆ రేటుకు ఇంకేం వస్తుందనుకున్నారు’ అన్నాడట. మిగిలిన 25 మందీ ఇంతవరకు ఏమీ అడగలేదు.

ఏడాదిగా అమ్మకాలు కూడా తగ్గాయి. హైదరాబాద్‌లో డిజిటల్ మార్కెటింగ్ చేసే మరిది ఒక ప్లాన్ వేసి ఇచ్చాడు. డబ్బిచ్చి 200 రివ్యూలు రాయించడం, ప్రతి చీర కిందా ‘ఇంకా మూడే మిగిలాయి’ అని పెట్టడం, ఒక ఇన్‌ఫ్లుయెన్సర్‌కు డబ్బిచ్చి తానే కొనుక్కున్నట్టు చెప్పించడం, ఏఐతో తయారుచేసిన మోడల్‌కు చీర కట్టడం, చిన్నాన్న కష్టాల మీద కన్నీళ్ళు తెప్పించే రీల్ చేయడం, మిగతా డబ్బుతో పోస్టులు బూస్ట్ చేయడం, అంటే డబ్బు కట్టి వాటిని ఎక్కువమందికి కనిపించేలా చేయడం. చీటీ పాడిన 1,50,000 దీనికి పెడదామంటున్నాడు. పాత 25 చీరల మాట ఎత్తితే, ‘అడగని వాళ్ళకు చెప్పి మన కొంపకు మనమే నిప్పు పెట్టుకోవడం ఎందుకు వదినా’ అన్నాడు. భర్తకు ఒక చీర వెనక్కొచ్చిన సంగతే తెలుసు.

‘నేత ఇంట్లో పుట్టి ప్రింటు చీర అమ్మానంటే మావాళ్ళ ముందు తలెత్తుకోలేను. చెప్పాలా, వదిలేయాలా? మా మరిది చెప్పినవాటిలో ఏవి చేయొచ్చు?’ అని అడిగారు.

*

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట 25 చీరల దగ్గర లేదు. ‘పార్సిల్ అతని దగ్గర్నుంచే వెళ్ళిపోతుంది’ అని ఒక ముక్కలో రాసి ముందుకెళ్ళిపోయారు చూడండి, అక్కడుంది. చీర మీ చేతిలోకి వచ్చి ఉంటే, మడత విప్పీ విప్పకముందే మీకు తెలిసిపోయేది. ఇక్కత్‌లో నూలుకే ముందు చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట ముడులు బిగించి, రంగు వేస్తారు, ఆ తర్వాతే మగ్గమెక్కుతుంది. అందుకే డిజైను రెండు వైపులా దిగుతుంది, అంచుల్లో గీత కొంచెం చెదిరినట్టు ఉంటుంది. ఇది మీకు నేను చెప్పాలా? చిన్నప్పటి నుంచి చూస్తున్నదే కదా. నేత తెలియక మోసపోయారని మిమ్మల్ని ఎవరూ అనలేరు. చూడకుండా అమ్మారని అనగలరు. ఈ రెండోది దిద్దుకోగలిగిన తప్పు, కాబట్టి తల వంచుకునే పని కొంత తగ్గించుకోండి.

అమ్మకాలు ఎందుకు తగ్గాయో కూడా అక్కడే తెలుస్తుంది. డీలరు మీకు పంపిన ఫొటోలే ఇంకెంతమందికి పంపుతున్నాడో ఎప్పుడైనా చూశారా? మీ పేజీలోని ఒక ఫొటోను గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతకండి. అదే చీర, అదే గోడ, అదే బొమ్మ, ఇంకో పేజీలో నాలుగైదు వందలు తక్కువకు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. మీ కస్టమర్లు ఆ పని ఎప్పుడో చేసి ఉంటారు. మొదట్లో వాళ్ళు మీ దగ్గర కొన్నది మీ చిన్నాన్న చీర. అది ఇంకెక్కడా దొరకదు. ఇప్పుడు మీరు అమ్ముతున్నది ఎక్కడైనా దొరుకుతుంది, ఇక మిగిలింది రేటు పోటీ ఒక్కటే. ఆ పోటీలో పెద్ద డీలరు ముందు మీరు నిలబడలేరు.

అంటే మీకు కొరత చీరలది. కస్టమర్లది కాదు. రెండు మగ్గాలకు ఆరు వందల మంది కొన్నవాళ్ళు చాలా ఎక్కువ. మరిది ప్లాన్ ఫలించి ఇంకో ఐదు వేల మంది వచ్చారనుకుందాం, వాళ్ళకు ఏం పంపుతారు? మళ్ళీ అదే డీలరు. ప్రచారం పెరిగేకొద్దీ మీరు చూడని చీరలే ఎక్కువ అమ్మాల్సి వస్తుంది.

ఇక పాత చీరల సంగతి. మీ ముందు మూడు దారులున్నాయి, మూడింటికీ ఖర్చుంది.

ఊరుకోవడం మొదటిది. ఈ నెలకు పైసా పోదు. కానీ పట్టుచీర ఒక్కరోజు కట్టి బీరువాలో పెట్టేది కాదు. ఫాల్ కుట్టించేటప్పుడు టైలరు తిరగేస్తాడు. పెళ్ళిలో పక్కన కూర్చున్న పెద్దావిడ కొంగు పట్టుకుని చూస్తుంది. మన ఆడవాళ్ళు కొంగు తిరగేయకుండా చీరను మెచ్చుకున్నది నేను చూడలేదు. మీ కస్టమర్లు ఒకరి ద్వారా ఒకరు వచ్చారని మీరే రాశారు, కాబట్టి బెంగళూరు ఆవిడకు డబ్బు వాపసు వచ్చిన సంగతి వాళ్ళలో ఒక్కరికి తెలిసినా, ‘మరి మాకెందుకు చెప్పలేదు’ అన్న ప్రశ్న వస్తుంది. దానికి మీ దగ్గర జవాబు ఉండదు. చట్టం సంగతీ చూడండి. పొరపాటున తప్పు సరుకు వెళ్ళడం ఒకటి, తెలిసిన తర్వాత ఊరుకోవడం ఇంకొకటి. కస్టమరు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చిన రోజున, మీకు ఏ తేదీన తెలిసిందో మీ వాట్సాప్ చాటే చెబుతుంది.

రెండోది, కొందరికే చెప్పడం. మళ్ళీ మళ్ళీ కొనేవాళ్ళకు, గట్టిగా అడగగలవాళ్ళకు చెప్పి మిగతావాళ్ళను వదిలేయడం. ఖర్చు సగానికి తగ్గుతుంది కాబట్టి చాలామంది దీనివైపే మొగ్గుతారు. మొదటి దారికన్నా ఇదే ప్రమాదమని నా అభిప్రాయం. మొదటిదానిలో భయపడి ఊరుకున్నారని అనుకుంటారు. ఇక్కడ మనుషులను లెక్కగట్టి చెప్పారని తెలిసిపోతుంది.

మూడోది, పాతికమందికీ చెప్పడం. లెక్క వేద్దాం. అందరూ పూర్తి డబ్బు అడిగితే 1,95,000. అంతమంది అడగరు. చీర నచ్చి ఉంచుకుంటామనే వాళ్ళకు ప్రింటు పట్టుకు తగిన ధర, మాటవరసకు 2,500 పట్టుకుని 5,300 వెనక్కి పంపారనుకోండి, అందరూ అలాగే అన్నా 1,32,500 అవుతుంది. ‘డబ్బు వద్దు, అసలు చీర నేసినప్పుడు ఇవ్వండి’ అనేవాళ్ళు ఉంటే ఖర్చు ఇంకా తగ్గుతుంది, కానీ తేదీ చెప్పేముందు చిన్నాన్నను అడగండి. అమెరికా వాళ్ళను చీర తిప్పి పంపమనకండి, కొరియర్ ఖర్చు చీరను మింగేస్తుంది. డబ్బు మాత్రం పంపేయండి.

ఎలా చెప్పాలన్నది కూడా ముఖ్యమే. ఇన్‌స్టాలో ముందు పోస్టు పెట్టవద్దు. కొన్నవాళ్ళకు తెలియకముందు ఊరంతా తెలియడం వాళ్ళకు అవమానంగా ఉంటుంది. ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి, ఎత్తనివాళ్ళకు ఇలాంటి మెసేజ్ పంపండి:

‘నమస్తే అండీ. దసరాకు మీకు ఇచ్చిన ఎరుపు పట్టుచీరను చేనేత ఇక్కత్ అని చెప్పి అమ్మాను. అది ప్రింటు అని తర్వాత తెలిసింది. నేను చూడకుండా డీలరు దగ్గర్నుంచి పంపించాను, తప్పు నాదే. మీ 7,800 వెనక్కి పంపమంటారా, చీర ఉంచుకుని 5,300 తీసుకుంటారా, చిన్నాన్న మగ్గం మీద చీర అయ్యాక దాన్ని పంపమంటారా? మీ ఇష్టం. యూపీఐ నంబరు పెడితే మూడు రోజుల్లో పంపుతాను.’

డీలరు మోసం చేశాడని కథ చెప్పవద్దు. కస్టమరుకు డీలరు ఎవరో తెలియదు, మీరే తెలుసు. 2003లో మహారాష్ట్రలో క్యాడ్‌బరీ డైరీ మిల్క్‌లో పురుగులు కనిపించినప్పుడు కంపెనీ మొదట దుకాణాల్లో సరిగా నిల్వ చేయలేదంది. ఆ మాట ఎవరికీ ఎక్కలేదు. తర్వాత రేపర్ మార్చి, గాలి చొరబడకుండా సీల్ చేసిన కొత్త ప్యాకింగ్ తెచ్చి, అమితాబ్ బచ్చన్‌తో ప్రకటనలు చేయించారు. జనం అమితాబ్‌ను గుర్తుపెట్టుకున్నారు గానీ, ఆయన చూపించడానికి ఒక కొత్త ప్యాకింగ్ ఉండబట్టే ఆ ప్రకటన నిలబడింది. మీ మరిది ప్లాన్‌లో ఇన్‌ఫ్లుయెన్సర్ ఉంది. మారిన ప్యాకింగ్ మాత్రం లేదు.

డీలరు దగ్గర డబ్బు రాబట్టే ప్రయత్నం విడిగా చేయండి. ఫొటోలు, ‘చేనేత’ అని అతను రాసిన మెసేజ్‌లు, డబ్బు కట్టిన వివరాలు అన్నీ దాచుకోండి. ఒక్క సంగతి: తిరిగి అమ్మడానికి కొన్నవాళ్ళను చట్టం వినియోగదారుగా చూడదు, కాబట్టి వినియోగదారుల కమిషన్‌లో మీ కేసు నిలవదు. లాయరు నోటీసుతో మొదలుపెట్టాలి. వస్తే వచ్చింది. ఆ డబ్బు వచ్చాకే కస్టమర్లకు ఇస్తానని మాత్రం కూర్చోవద్దు.

మీ మరిది మీద కోపం పెంచుకోకండి. అతని వృత్తిలో రోజూ చూసేదే మీకు చెప్పాడు, మీ మేలు కోరే చెప్పాడు. కానీ ఆ ప్లాన్‌లో కొన్ని పనులు ఇప్పుడు నేరుగా చట్టానికి తగులుతాయి. ‘ఇంకా మూడే మిగిలాయి’ అని లేనిది రాయడం కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2023 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో నిషేధించిన 13 మోసపు ఎత్తుల్లో మొదటిది. నిజంగా మూడే ఉంటే రాసుకోవచ్చు. మీకు చాలాసార్లు ఒకటే ఉంటుంది కదా, ‘ఒకటే చీర’ అని రాయండి. ఇన్‌ఫ్లుయెన్సర్ డబ్బు తీసుకుని చెబితే అది ప్రకటన అని కనిపించేలా చెప్పాలని అదే సంస్థ 2022 మార్గదర్శకాలు అంటున్నాయి. వీడియో తెలుగులో ఉంటే ఆ మాటా తెలుగులోనే ఉండాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జరిమానా 10 లక్షల దాకా ఉంటుంది, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా. మీలాంటి చిన్న పేజీ మీదకు రేపే వస్తారని నేను బెదిరించడం లేదు. కానీ ‘అందరూ చేస్తున్నారు’ అన్న మాట జవాబుగా పనికిరాదు.

కొన్న రివ్యూల గురించి చట్టం కన్నా ముందు ఒక మామూలు సంగతి. 200 మంది ‘సూపర్ క్వాలిటీ, ఫాస్ట్ డెలివరీ’ అని ఒకే వారంలో రాస్తే చదివేవాళ్ళకు తెలిసిపోతుంది. మీకు ఆరు వందల మంది నిజమైన కస్టమర్లుండగా అబద్ధపు మనుషులను ఎందుకు కొనడం? చీర అందిన వారానికి ‘కట్టుకున్నాక ఫొటో పంపుతారా, పేజీలో పెట్టనా’ అని అడగండి. పదిమందిలో ఒక్కరు పంపినా చాలు. ‘రంగు ఫొటోలో కన్నా కొంచెం ముదురుగా ఉంది, కానీ నచ్చింది’ అని ఎవరైనా రాస్తే దాన్ని తీసేయకండి. ఆ ఒక్క వాక్యమే మిగతా మెచ్చుకోళ్ళను నమ్మేలా చేస్తుంది.

ఏఐ మోడల్‌ను నేనైతే వద్దంటాను. ఆ బొమ్మలో చీర జారే తీరు, రంగు, జరీ మెరుపు అన్నీ యంత్రం ఊహించినవే. పార్సిల్ విప్పాక తేడా కనిపిస్తే రిటర్న్ మీకే వస్తుంది. పగటి వెలుగులో కిటికీ దగ్గర ముందు, వెనక, అంచు, కొంగు చూపించే అరనిమిషం వీడియో చాలు. ఆ వెనకవైపు షాట్‌ను ప్రతి చీరకూ తప్పనిసరి చేసుకోండి. ప్రింటు అమ్మేవాళ్ళు దాన్ని కాపీ కొట్టలేరు.

కన్నీళ్ళ రీల్ విషయంలో చిన్నాన్నను అడిగారా? ఆయన కష్టం చూపించి అమ్మితే జాలితో ఒకసారి కొంటారు, రెండోసారి జాలి ఉండదు. పని చూపించండి. మీ జిల్లాలోనే ఉంది కదా ఉదాహరణ. ఆసు, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పే పని, పోసీ పోసీ తల్లి చెయ్యి పడిపోతుంటే చూడలేక ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం లక్ష్మి ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఒక చీర మగ్గమెక్కకముందే ఇంత పని ఉందని చూసినవాళ్ళు ధర గురించి తక్కువ బేరమాడతారు. మీ ఇంట్లో ఆసు ఎవరు పోస్తారో, చిటికి ఎవరు కడతారో చూపించండి, ఎన్ని రోజులు పట్టిందో చెప్పండి. పాట, ఏడుపు అక్కర్లేదు.

మరిదికి అప్పగించదగ్గ పని చాలా ఉంది. వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగు, ఆర్డర్లకు లేబుళ్ళు, గూగుల్‌లో వ్యాపారం పేరు నమోదు, పాత కస్టమర్లకు మెసేజ్‌లు. బ్రాడ్‌కాస్ట్ చేరాలంటే అవతలివాళ్ళ ఫోన్‌లో మీ నంబరు సేవ్ అయి ఉండాలి, కాబట్టి ‘కొత్త చీరలు ముందుగా చూడాలంటే ఈ నంబరు సేవ్ చేసుకోండి’ అని చెప్పించండి. ఎవరినీ అడగకుండా గ్రూపులో వేయవద్దు, ఒకరి నంబరు అందరికీ కనిపిస్తుంది. పండగ సీజన్‌లో బూస్ట్ చేయడం తగ్గించండి. ఆ ప్రకటనలు వేలంపాట మీద నడుస్తాయి, పెద్ద షోరూములన్నీ అప్పుడే పాడతాయి.

ముందుముందు ఏం అమ్మాలి అన్నది మీ ఇష్టం. చేనేత మాత్రమే అమ్ముతానంటే చుట్టుపక్కల నాలుగైదు మగ్గాలవాళ్ళతో మాట్లాడుకోండి, సహకార సంఘం సరుకు చూడండి, ప్రతి చీరా మీ ఇంటికి వచ్చి, మీరు తిరగేసి చూశాకే వెళ్ళాలి. అడ్వాన్సు తీసుకుని నేయించే పద్ధతి పెట్టొచ్చు. నెలకు తక్కువ చీరలు అమ్ముడవుతాయి, ఒక్కోదానిలో మిగులు ఎక్కువ ఉంటుంది, ఎదురుచూడలేని కస్టమర్లు పోతారు. లేదూ, ప్రింటు చీరలు కూడా అమ్ముతానంటే అందులో తప్పేమీ లేదు. 1,500కు ఇక్కత్ డిజైను ప్రింటు కావాలనేవాళ్ళు చాలామంది ఉన్నారు. కాకపోతే వేరే పేజీ పెట్టి, ‘ప్రింటు’ అన్న మాట ధర పక్కనే రాయండి. ఒకే పేజీలో రెండూ ఉంటే ప్రింటును చూసి అసలు చీర ఖరీదనిపిస్తుంది, అసలును చూసి ప్రింటును అనుమానిస్తారు.

ఏ దారి పట్టినా ‘మా మగ్గాల మీద నేసిన’ అన్న మాటను ఈ రోజే మార్చండి. చిన్నాన్న చీరలకు మాత్రం దాన్ని ఉంచుకోండి, మిగతావాటికి ‘పోచంపల్లి నేతకారుల దగ్గర మేము చూసి తెచ్చినవి’ అంటే చాలు, అదీ నిజంగా చూసి తెచ్చినప్పుడు. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు 2004-05లోనే వచ్చింది, ఆ పేరును ఎవరంటే వాళ్ళు తగిలించుకోవడానికి లేదు. ఇంకొకటి, సిల్క్ మార్క్ చూపించి చేనేత అని నమ్మించే రీసెల్లర్లు ఉన్నారు. సిల్క్ మార్క్ పట్టు అసలుదని మాత్రమే చెబుతుంది, పవర్‌లూమ్ పట్టుకూ ఉంటుంది. చేతినేతకు గుర్తు 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్. చిన్నాన్న చీరలకు ఆ లేబుల్ ఎలా తీసుకోవాలో సంఘంలో అడిగి కనుక్కోండి. ఈ తేడాను మీ కస్టమర్లకు ఒక వీడియోలో చెప్పండి, ఏ ఇన్‌ఫ్లుయెన్సర్ అక్కర్లేదు.

చీటీ డబ్బు మాట చివరికి ఉంచాను. 1,50,000 ప్రకటనలకు పెడితే ఆ డబ్బు దీపావళి దాటేసరికి ఖర్చయిపోతుంది, 25 చీరల బాకీ అలాగే ఉంటుంది. వాపసులకు పెడితే ఈ సీజన్ దాదాపు ఖాళీగా గడుస్తుంది, కొత్త కస్టమర్లు రారు, మీ మరిది నొచ్చుకోవచ్చు. నేను రెండోదే ఎంచుకుంటాను. కానీ చీటీ ఇద్దరి సంపాదనతో కట్టింది కదా. మీవారికి ఒక చీర సంగతే తెలుసన్నారు. మొదటి కస్టమరుకు ఫోన్ చేసేముందు ఆయన్ని కూర్చోబెట్టి మిగిలిన 25 చీరలూ చెప్పండి. 1,95,000 అన్న పెద్ద అంకె ముందు చెప్పండి, తగ్గితే తర్వాత సంతోషిస్తారు. చీటీ చాలకపోతే మిగతా 45,000 ఎక్కడినుంచో కూడా ఆ పూటే మాట్లాడుకోండి, ఎందుకంటే మెసేజ్‌లో మూడు రోజులు గడువు ఇస్తున్నారు.